మోకాళ్ల నొప్పి, నమాజు

మోకాళ్లు అరిగిన కొందరు పెద్దలు నమాజులో నిలబడేందుకై ట్రమడాల్ మాత్రలను ఆశ్రయిస్తున్నారు. నల్లమందు కోవకు చెందిన ఆ మందుకు బానిసలయ్యే ప్రమాదముంది. అందుకే 2018లో మన ప్రభుత్వం దానిని మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చింది.

వ్యాధిగ్రస్తులైన హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (స) ఏమని బోధించారు? నిలబడి నమాజు చేయమన్నారు. శక్తి లేకుంటే కూర్చుని, అదీ సాధ్యపడకుంటే పక్కకు ఒరిగి చేయమన్నారు. కనుక నిజంగా వంగలేనివారు కుర్చీలో కూర్చుని సైగతో చేసే సజ్దాను లోపంగా భావించకండి.

అయితే కాళ్లకు పని తప్పించరాదు. కూర్చునే కాలు చాచి, అయిదు లెక్కించి, మెల్లగా దించండి, రోజూ పదిసార్లు. తొడ కండరాలు బలపడితే కీలుకు ఆసరా దొరుకుతుంది. బరువు తగ్గడం, వైద్యులు సూచించిన పైపూత మందు కూడా ఉపకరిస్తాయి. ఇప్పటికే ట్రమడాల్ వాడుతున్నవారు హఠాత్తుగా మానరాదు. వైద్యుల పర్యవేక్షణలో క్రమంగా తగ్గించాలి.