అమ్మాయిల బడి ఎందుకు ఉండాలి

ఆడపిల్లలకు వేరే బడి అనగానే బాగా చదువుకున్నవాళ్లు కూడా ముఖం చిట్లిస్తున్నారు. అది పరదాల కాలపు ఆలోచన అంటారు. రేపు మగవాళ్లతో కలిసి ఉద్యోగం చేయాల్సిన పిల్లను ఇవాళ విడిగా కూర్చోబెడితే లోకంలో ఎలా నెగ్గుకొస్తుందని అడుగుతారు. ఉద్దేశం మంచిదే గానీ వాదన నిలవదు. ఉమ్మడి బడిలో ఆడా మగా సమానంగా చదువుకుంటున్నారని ముందే అనుకుని మొదలుపెట్టిన వాదన ఇది. హైస్కూల్లో నిజంగా జరిగేది చూడండి. సైన్స్ ల్యాబులో పరికరం అబ్బాయి చేతిలో ఉంటుంది, రీడింగులు రికార్డులో ఎక్కించేది అమ్మాయి. చేతిరాత బాగుందని మెచ్చుకుంటాం కూడా. మైదానమంతా క్రికెట్‌ది, ఖోఖో గోడవారకు పోతుంది. ఎవరూ పనిగట్టుకుని చేసిన ఏర్పాటు కాదు, ఇంటి అలవాటే బడిలోకి వచ్చింది. పన్నెండు నుంచి పదహారేళ్ల మధ్య, ఒళ్లు మారుతూ, ఎవరేమనుకుంటారోనన్న బెరుకు కమ్ముకునే వయసులో, ఆ అలవాటు స్వభావంగా గట్టిపడిపోతుంది. బాలికల బడిలో ఆ పంపకానికి చోటే ఉండదు. మైక్రోస్కోపు సరిచేసేదీ, వాలీబాల్ నెట్ బిగించేదీ, అసెంబ్లీ నడిపేదీ, లెక్క తప్పి మళ్లీ చాక్‌పీస్ అందుకునేదీ అమ్మాయే.

ఫలితాలు బాగుంటే అది మంచి పిల్లల్ని ఏరుకోవడం వల్లేనని ఒక అభ్యంతరం ఉంది. చాలాచోట్ల అది నిజం కూడా. అందుకే ట్రినిడాడ్ అండ్ టొబాగో అనుభవం విలువైనది. అక్కడి ప్రభుత్వం 2010లో ఫలితాలు అంతంతమాత్రంగా ఉన్న 20 ఉమ్మడి సెకండరీ స్కూళ్లను ఆడపిల్లలకో మగపిల్లలకో విడి బడులుగా మార్చింది. ఎవరు ఏ బడిలో చేరారన్న తేడాను తీసేసి ఆర్థికవేత్త కిరాబో జాక్సన్ లెక్క చూస్తే, పదిహేనేళ్ల వయసులో రాసే జాతీయ పరీక్షల్లో ఆడా మగా ఇద్దరికీ మార్కులు పెరిగాయి, సెకండరీ చదువు పూర్తిచేసే అవకాశమూ పెరిగింది. 2014లో 21 దేశాల నుంచి 184 అధ్యయనాలను కలిపి చూసిన మరో పరిశీలన మాత్రం, కట్టుదిట్టంగా చేసినవాటిలో విడి బడుల లాభం దాదాపు ఏమీ లేదని తేల్చింది. దీన్ని దాచాల్సిన పని లేదు. ఆడపిల్లల మెదడే వేరు, వాళ్లకు చెప్పే తీరే వేరు అనేవాళ్లకు అది సరైన జవాబు. కానీ సగటు ఏ ఊరి సంగతీ చెప్పదు. అమ్మాయికి ఉమ్మడి బడి ఎంత ఇరుకుగా ఉంటే విడి బడి అవసరం అంత పెరుగుతుంది.

మన దగ్గర ఆ ఇరుకు మరుగుదొడ్డి దగ్గరే మొదలవుతుంది. దేశంలో బడులకు మరుగుదొడ్లు కట్టించినప్పుడు ఏమైందో అంజలి అడూకియా పరిశోధించారు. చిన్నపిల్లలకు ఏ మరుగుదొడ్డి కట్టినా మేలు జరిగింది. ఈడొచ్చిన అమ్మాయిలు మాత్రం తమకంటూ విడిగా ఉన్నచోటే బడిలో నిలిచారు. నెలసరి రోజుల్లో గడియ పడని తలుపు ఎంత దూరం తరిమేస్తుందో ఆ ఫలితం చెబుతోంది. 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు పెట్టింది ఇలాంటి పిల్లల కోసమే. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ ఇళ్ల నుంచి, ఐదో తరగతితో బడి మాన్పించిన కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకు అక్కడ హాస్టలూ చదువూ ఒకేచోట దొరికాయి. మొదట ఎనిమిదో తరగతి వరకే ఉన్న ఈ బడులను 2018 తర్వాత ఇంటర్ దాకా పెంచేందుకు వీలు కల్పించారు. ఇలా విడి బడి పెట్టడం, ఆడపిల్లను మగపిల్లలతో పంపాలంటే తల్లిదండ్రులకుండే భయానికి లొంగడమేనంటారు కొందరు. ఆ భయం మారడానికి పదేళ్లు పడుతుంది, ఆరో తరగతి పిల్లకు ఆ పదేళ్లు లేవు. పరువు పేరుతో గేటుకు తాళం వేసి, నవ్వినా తప్పుపట్టే బడులను నేను సమర్థించను. అవి అమ్మాయిల బడులు కావు, కాపలా కొట్లు.

ఇక మిగిలింది మగపిల్లల మాట. అమ్మాయిలు పక్కన లేకపోతే వాళ్లకు మర్యాద ఎలా వస్తుందని అడుగుతారు. మర్యాద నేర్పాల్సింది ఇల్లూ, మాస్టార్లూ. పద్నాలుగేళ్ల పిల్లను అందుకు పనిముట్టుగా వాడుకుని, ఆమె చదువుతో ఆ ఖర్చు కట్టించడం అన్యాయం. పిల్లలు తగ్గారని బాలికల హైస్కూలును పక్క బడిలో కలపాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, కలిశాక ఆ అమ్మాయిల్లో ఎందరు పదో తరగతి దాకా నిలుస్తారో ముందు విద్యాశాఖ లెక్క చెప్పాలి.