తెలిసినవాళ్ల నోరు కట్టేస్తే

ఉద్యోగి తన పని తాను చూసుకోవాలి, విధానాల మీద బయట నోరు విప్పకూడదు అన్న మాటను చదువుకున్న మధ్యతరగతి క్రమశిక్షణ పేరుతో ఒప్పేసుకుంది. కేంద్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి కూడా ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించవద్దంటుంది. దీంతో పాలన సజావుగా సాగుతుందట. నిజానికి ఏ సంగతి ఎవరికి బాగా తెలుసో, వాళ్లనే మాట్లాడనివ్వని ఏర్పాటు ఇది. హైదరాబాద్‌లోని నాచారం పారిశ్రామికవాడలో ఏదైనా ఫ్యాక్టరీ రాత్రిపూట మురుగును నాలాలోకి వదిలిందనుకుందాం. ఆ సంగతి మొదట తెలిసేది వాల్వు తిప్పిన కార్మికుడికి, నమూనా పరీక్షించిన కెమిస్టుకు. వాళ్లు మాట్లాడకపోతే చెరువులో చేపలు చచ్చి తేలేదాకా ఊరికి తెలియదు.

అదే నగరంలో ఉప్పల్ రోడ్డులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వ్యవస్థాపక సంచాలకుడు పుష్పమిత్ర భార్గవ ఈ కట్టుబాటును లెక్కచేయలేదు. పదవిలో ఉండగానే, 1981లో శాస్త్రీయ దృక్పథంపై వెలువడిన ప్రకటన వెనుక నిలిచారు. 2001లో విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులు పెట్టాలన్న విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిర్ణయంపై కోర్టుకెక్కారు. 2004లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. జన్యుమార్పిడి పంటల అనుమతి కమిటీలోకి సుప్రీంకోర్టు ఆదేశంతో వెళ్లి, బీటీ వంకాయకు స్వతంత్ర పరీక్షలు చాలలేదని వాదించారు. 2009 అక్టోబరులో కమిటీ పచ్చజెండా ఊపింది. ఆయన తన అసమ్మతిని గదిలోనే వదిలేయక ప్రజల ముందు పెట్టారు. దేశమంతా వ్యతిరేకత వెల్లువెత్తింది. హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో బహిరంగ విచారణ జరిగాక, 2010 ఫిబ్రవరిలో కేంద్రం ఆ పంటను నిలిపేసింది.

ఆయన పొరబడి ఉంటే, అనవసరంగా జనాన్ని బెదరగొట్టినట్టు కాదా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను దాటవేయలేం. చాలామంది శాస్త్రవేత్తలు ఆయనతో విభేదించారు. 2013లో బంగ్లాదేశ్ అదే వంకాయకు అనుమతిచ్చింది. అయినా మాట్లాడే హక్కుకు మాట నిజమవ్వాలన్న షరతు పెడితే, నిజమేదో ముందే తేల్చే అధికారం ఎవరికో ఒకరికి అప్పగించాలి. 1859లో తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ చెప్పిన సంగతి ఇదే: నోరు నొక్కేవాడు తాను ఎన్నడూ పొరబడనని అనుకుంటాడు. తప్పుడు వాదనకు మందు ఎదురు వాదనే. అది జరగాలన్నా మొదటి మాట బయటికి రావాలి. దేశరక్షణ రహస్యాలు, రోగుల వివరాలు దాచాల్సిందే. కానీ ఆ చిన్న మినహాయింపును అడ్డం పెట్టుకుని ప్రతి ఉద్యోగి నోటికీ తాళం వేయడం అన్యాయం. విధాన విమర్శను నేరంగా చూసే నియమాన్ని రద్దు చేయాలి. ప్రజల ప్రాణాలకు ముప్పు ఉందని చెప్పిన ఉద్యోగికి చట్టం అండగా నిలవాలి.