కట్టకు కాపు

కోటప్పకొండ ఎక్కి చూచేవారికి త్రికూటేశ్వరుని దర్శనంతోపాటు నరసరావుపేట సీమలోని పచ్చని పొలాల దర్శనం కూడా లభిస్తుంది. ఒకనాడు వాననే నమ్ముకొన్న ఈ మెట్ట ప్రాంతానికి నాగార్జునసాగర్ కుడి కాలువ ప్రాణాధారమైంది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట నుండి 1967లో కాలువలకు నీరు విడుదలైంది. అయితే ఆనకట్టను కాపాడే బాధ్యత, దానిని నిర్మించిన తరంతో తీరిపోయేది కాదు.

ఇటీవలి అనుభవాలు ఈ సత్యాన్ని చాటుతున్నాయి. 2021 ఆగస్టు 5న కృష్ణానదిపై పులిచింతల ప్రాజెక్టు పదహారవ గేటు కొట్టుకొనిపోయింది. తాత్కాలికపు అడ్డు దించటానికి జలాశయంలోని నీటిని దిగువకు వదలివేయక తప్పలేదు. అదే సంవత్సరం నవంబరు 19న చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, రాజంపేట ప్రాంతంలోని దిగువ గ్రామాలను ముంచెత్తింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట పందొమ్మిదవ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయింది.

ఆనకట్టలకు ప్రమాద శ్రేణులను నిర్ణయించే పద్ధతి ఒకటున్నది. ఈ శ్రేణి కట్ట బలహీనతను తెలిపేది కాదు. కట్ట తెగితే దిగువన కలుగగల ప్రాణనష్టాన్ని, ఆస్తినష్టాన్ని తెలిపేది. అందువల్ల దృఢమైన ఆనకట్ట కూడా ఉన్నత శ్రేణిలో ఉండవచ్చు. కట్టలో ఒక్క రాయి కదలకపోయినా, దిగువన ఇండ్లు పెరిగితే శ్రేణి పెరుగుతుంది. ఇట్టి వివరాలు వెల్లడిస్తే ప్రజలు భయపడతారని కొందరి వాదన. అది సరికాదు. శివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు తరలించేవారు, అది ఒరిగితే ఎంత ముప్పో ఎరిగినవారే. ఆ ఎరుకవల్లనే వారు మోకులను జాగ్రత్తగా పట్టుకొంటారు. తెలియనితనమే భయానికి మూలం. తెలివిడి జాగరూకతకు మూలం.

2021 డిసెంబరులో వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం వర్షాకాలానికి ముందు, తరువాత తనిఖీలను, అత్యవసర కార్యాచరణ ప్రణాళికను తప్పనిసరి చేసింది. కాని అది ప్రధానంగా 15 మీటర్లకు మించిన కట్టలకు, కొన్ని నిబంధనలకు లోబడి 10 నుండి 15 మీటర్ల కట్టలకు వర్తిస్తుంది. అంతకంటె చిన్నవైన ఊరి చెరువు కట్టలకు ఊరివారే కాపు. ప్రణాళిక కార్యాలయపు బీరువాలో ఉంటే వరద ఆగదు. ఏ హెచ్చరిక వినిపిస్తే ఏ మెరకకు చేరాలో నదీతీరంలోని ప్రతి ఇంటికీ తెలియాలి. నీటిపై హక్కును అడిగే ప్రజలు, ఆ నీటిని నిలిపిన కట్ట క్షేమాన్ని గూర్చి కూడా అడగాలి. ఆ ప్రశ్నకు ప్రతి ఏటా, వానలు రాకముందే సమాధానం లభించాలి.