తౌబా చేయాల్సింది ఎవరు?

"రేపు మషీన్లే పిల్లల్ని కంటాయట" అనగానే మన ఇళ్లల్లో వినపడే మాట "తౌబా తౌబా!" సైన్స్ ఫిక్షన్ నావల్ ముచ్చటొస్తే చాలు, ఖయామత్ దగ్గరపడిందంటారు. ఆ ఖౌఫ్ గలత్ జాగాలో ఉందంటాను నేను.

1932లో ఆల్డస్ హక్స్‌లీ రాసిన 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో పిల్లలు సీసాల్లో తయారవుతారు. ఒక్క అండం నుంచి 96 మంది దాకా! 'అమ్మ' అన్నది అక్కడ బూతు మాట. చదివినోళ్లకు సీసా యాదుంటుంది. కానీ మజ్దూర్ కావాల్సిన పిండానికి ఆక్సిజన్ తగ్గించి, ముందే తక్దీర్ రాసిపెట్టే హుకూమత్ యాదుండదు.

1985లో మార్గరెట్ అట్‌వుడ్ రాసిన 'ద హ్యాండ్‌మెయిడ్స్ టేల్'లో సీసాలు లేవు. మజ్హబ్ పేరు చెప్పుకునే హుకూమత్, పెద్ద సాబ్‌ల కోసం పిల్లల్ని కనమని ఔరత్‌లను వాళ్ల ఇళ్లకు పంచుతుంది. ఔలాద్ కలగకపోతే కసూర్ ఔరత్‌దే. మర్ద్‌లో లోపం ఉంటుందని అక్కడి కానూన్ ఒప్పుకోదు. చెప్పండి, ఇది అమెరికా అఫ్సానానా, మన మొహల్లా ముచ్చటా?

1997లో వచ్చిన 'గట్టాకా' సినిమాలో మా-బాప్ ల్యాబ్‌లో పిండాల్ని ఏరుకుంటారు. మన ముల్క్ అందాకా ఆగలేదు. స్కానింగ్ చేసి ఆడపిండాల్ని తీసేయిస్తుంటే, ఆపడానికి 1994లోనే పార్లమెంట్ కానూన్ తేవాల్సి వచ్చింది.

మార్జ్ పియర్సీ 1976 నావల్ 'ఉమన్ ఆన్ ద ఎడ్జ్ ఆఫ్ టైమ్'లోనూ బిడ్డలు మషీన్లలోనే పెరుగుతారు. కానీ ఒక్కో బిడ్డకు ముగ్గురు ఇష్టపడి 'అమ్మ'లవుతారు. మర్ద్‌లూ పాలిస్తారు. అక్కడా మషీనే, ఇక్కడా మషీనే. ఫరక్ అంతా ఇఖ్తియార్ ఎవరి చేతిలో ఉందన్న దాంట్లోనే.

మషీన్లొస్తే నసబ్ ఏమవుతుందని బుజుర్గ్‌లు అడుగుతారు. వాజిబైన సవాలే, అడగాలి. కానీ బేటా అయినా బేటీ అయినా అల్లా దేన్ అనే నోటితోనే, మూడో బేటీ పుట్టగానే బహూ మీద ఇల్జామ్ ఎందుకు? బేటానా బేటీనా తేల్చేది మర్ద్ ఇచ్చే క్రోమోజోమ్ అని బడికెళ్లే పిల్లలకూ తెలుసు. నాలుగోసారి కడుపు మోయాలా వద్దా అని సాస్, షౌహర్, పుప్పీలు కూర్చుని ఫైసలా చేస్తారు. మోయాల్సిన మనిషి మాత్రం బావర్చీఖానాలో చాయ్ కాస్తుంటుంది.

మషీన్లు వస్తాయో రావో తర్వాత సంగతి. ఆమె రజామందీ అడగని ఇంట్లో అట్‌వుడ్ నావల్ ఇప్పటికే నడుస్తోంది. తౌబా అక్కడ చేయండి.