వట్టి కూత

2023 డిసెంబరు మొదలు 2024 ఫిబ్రవరి వఱకు, రాత్రి యెనిమిది గంటలైనచో మన తెలకపల్లిలో చాయ్ హోటళ్ల ముందరి బల్లలు నిండియుండెడివి. ప్రత్తి యేఱి వచ్చినవారు, నాగరుకర్నూలు బస్సు దిగినవారు, హాస్టలు వార్డెనుగారి కన్నుగప్పి వచ్చిన మన విద్యార్థులు కొందఱు (వారి పేర్లు మే మిచట వ్రాయము), అందఱును తెలుగు టైటాన్స్ జట్టు కబడ్డీ యాట చూచుటకే చేరెడివారు. ఆ యేడు ఆ జట్టు 22 ఆటలాడి రెండే గెలిచినది. పండ్రెండు జట్లలో కడపటిదై నిలిచినది. ఓటమి మనకు క్రొత్త గాదు. వానను నమ్ముకొని విత్తనము వేయు ప్రాంతమువారము. అయినను వారములు గడచినకొలది బల్లలపై జనము పలుచబడసాగెను. మిగిలినవారి విసుగు ఓటమిని గూర్చినదియు గాదు. ఒకనాడు మా ప్రక్క కూర్చుండిన పెద్దమనిషి యొకడు గ్లాసు క్రింద బెట్టి, "పోవుడు, వచ్చుడే గని, తాకుడు లేదు" అని లేచి పోయెను. ఆయన మరల రాలేదు. మేమీ వ్యాసమున వ్రాయునదంతయు ఆ మాటకు వ్యాఖ్యానమే.

కబడ్డీని చిన్ననాట చెడుగుడను పేర నాడిన పెద్దలకు నేటి నియమములు కొన్ని క్రొత్తగా దోచును గనుక ముందుగా వానిని జెప్పెదము. కూతకు పోయినవానికి ముప్పది సెకండ్లు గడువు. ఎదుటివారి భాగములో నడిమి గీతకు నాలుగడుగుల దూరమని మనము చూపునకు గొలుచు అడ్డగీత యొకటి కలదు. నిజముగ నది 3.75 మీటర్ల దూరమున నుండును. ఆ గీతను దాటి, యెవనిని తాకకయే తిరిగి వచ్చినను కూత చెల్లును. పాయింటు మాత్రము రాదు. దీనినే వట్టి కూత యందుము. ఒక జట్టు వరుసగా రెండు వట్టి కూతలు వేసినచో మూడవది చావో రేవో యగును. అప్పుడు పాయింటు తేవలయును. తేనిచో కూతగాడు బయటికి పోవలయును, ఎదుటివారి కొక పాయింటు చేరును.

నలువది నిమిషముల యాటలో ఇరుపక్షములకు గలిపి యెనుబది వఱకు కూతలు వచ్చును; అందు మనవి నలువది. "రెండింటిని పోనిచ్చి మూడవదాని నాడుదము" అని నిశ్చయించుకొన్న జట్టు, తనకున్న నలువదింటిలో పదుమూడింటినే యాడుచున్నదన్నమాట. ఆ పదుమూడు నెట్టివి? వచ్చువాడు తాకక తీఱదని ఎదుటివారికి ముందే తెలిసిన కూతలు. మూలలవారు చేయి చేయి గలిపి గొలుసు కట్టి, వాని కాలికొఱకు కాచుకొని యుందురు. మొదటి కూతలోనే లోపలికి చొచ్చువాడైనచో వీడు తాకునా, తిరిగి పోవునా యను సందేహము వారిని బాధించును. మూడవ కూతలో ఆ సందేహమును మనమే తీర్చి పంపుచున్నాము. కాబట్టి జాగ్రత్త యనుకొని చేసిన పని అపాయమును తప్పింపదు. దానిని వాయిదా వేసి, వడ్డీతో గూడ తెచ్చి పెట్టును.

"నిదానమే ప్రధానము" అను సామెతను మేము కాదనము. ఆట ముగియుటకు రెండు నిమిషములుండి, మనకు నాలుగు పాయింట్ల ఆధిక్యమున్నప్పుడు వట్టి కూత వేయుట తెలివి. ఎదుట ముగ్గురే మిగిలియున్నప్పుడు పట్టువడినచో వారికి రెండు పాయింట్లు పోవును గనుక అప్పుడు వెనుకాడుటయు న్యాయమే. కాని మొదటి అయిదు నిమిషములలోనే, ఎదుట ఏడుగురును నిలిచియుండి బోనసు గీత మనకు తెఱచియుండగా, అడ్డగీతను మాత్రము త్రొక్కి వెనుదిరుగుట యేమి నిదానము? దానికి తెలుగులో వేఱు మాట యున్నది, అది వెఱపు.

తెలుగు టైటాన్స్ ఎల్లప్పుడు నిట్లుండలేదు. 2014లో ప్రో కబడ్డీ లీగు పుట్టిననాడు దిగిన యెనిమిది జట్లలో నిది యొకటి. 2015లో మూడవ స్థానమును, 2016లో సెమీఫైనలును చూచినది. ఆ దినములలో రాహుల్ చౌదరి కూతకు బయలుదేఱినచో మన పిల్లలు ఊపిరి బిగబట్టి చూచెడివారు. మఱునాడు ఇసుకలో ఆయన వలెనే చేయి చాపి, మోకాళ్లు గీచుకొని వచ్చెడివారు. ఆయన 2018 వఱకు మన జట్టున నుండి 2019లో తమిళ్ తలైవాస్‌కు పోయెను. 2016 తరువాత ప్లేఆఫ్ ముఖము చూచుటకు మన జట్టునకు తొమ్మిదేండ్లు పట్టినది. అందులోను 2021-22లో 22 ఆటలకు ఒక్క గెలుపు, 2022లో రెండు, 2023-24లో రెండు. వరుసగా మూడు పోటీలలో అరువదియాఱు ఆటలకు అయిదు గెలుపులు! చదువరులు ఈ లెక్కను మరల నొకమాఱు చూడ గోరెదము.

ఇన్నేండ్లును అభిమానికి దొరకిన యోదార్పు ఒక్కటే: జట్టును క్రొత్తగా కట్టుచున్నారు, ఓపిక పట్టవలయును. మంచిది. కాని కట్టుట యనగా నేమి? ఏటేట విత్తనపు కంపెనీని మార్చి, చేనును మాత్రము లోతుగా దున్నని రైతు మన మండలములో లేకపోలేదు. పంట పోయినప్పుడెల్ల ఆతడు విత్తనమును నిందించును. 2023 వేలములో టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొనిరి. అంతకుమున్ను లీగులో నెవరికిని అంత వెల పలుకలేదు. ఒక్కొక్క జట్టు ఆ యేడు వెచ్చింప దగిన మొత్తము అయిదు కోట్లు. అనగా సగమునకు మించి ఒక్కని చేతిలో బెట్టి, తక్కిన జట్టంతయు మిగిలిన దానితో సమకూర్చుకొనవలసి వచ్చినది.

పవన్ గొప్ప యాటగాడు. ఆయన యందు మాకు దోషము గనబడదు. దోషము లెక్కలో నున్నది. క్రికెట్టులో గొప్ప బ్యాటరు క్రీజులో నున్నంతసేపు ఆడవచ్చును. కబడ్డీలో నట్లు గాదు. పట్టువడినవాడు బయట బల్లపై కూర్చుండును. తనవారిలో నెవడైన పాయింటు తెచ్చినగాని మరల లోపలికి రాలేడు. తెచ్చువాడు వేఱొకడు లేనిచో ఎదుటివారు ఆ యొక్కనిని ఒక్కమాఱు పట్టిన జాలును. రెండున్నర కోట్ల రూపాయలు తువాలు కప్పుకొని చూచుచు గూర్చుండును. తక్కినవారు వట్టి కూతలతో కాలము గడుపుదురు. తెలకపల్లి బల్లలపై మేము చూచినది ఈ దృశ్యమునే.

శిక్షకులు తెలివితక్కువవారని మేమనము. వారి భయమునకు కారణము కలదు, అది మన దేశమునకే చెందినదియు గాదు. అమెరికాలో ఫుట్‌బాలను పేర నొక యాట యున్నది. మనమెఱిగిన కాలిబంతి గాదు, బంతిని చంక బెట్టుకొని పరుగెత్తుచు ఒకరినొకరు పడద్రోయు నాట. అందు పది గజములు ముందుకు పోవుటకు నాలుగవకాశములు. మూడింటిలో సాధింపలేకపోయినచో, నాలుగవదానిలో బంతిని దూరముగ తన్ని ఎదుటివారికి అప్పగించుట అచటి వాడుక. డేవిడ్ రోమర్ అను అర్థశాస్త్రజ్ఞుడు మూడేండ్ల యాటల లెక్కలు తీసి, ముందుకు పోవుటయే మేలైన సందర్భములలో గూడ శిక్షకులు తఱచు తన్నుటకే మొగ్గుచున్నారని 2006లో ప్రకటించెను. తన్ని ఓడినవానిని ఎవ్వరును నిందింపరు. తెగించి ఓడినవాని యుద్యోగము పోవును. ఇంతకంటె వేఱు కారణము మాకు దోచదు. అది వారి చావో రేవో కూతయే. 2018 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టు తమ దేశపు కడపటి పోటీలో, గోలు గీతకు గజము దూరమున, నాలుగవ యవకాశమున, చేతికందిన మూడు పాయింట్ల తన్నును విడిచి, బంతిని విసరవలసినవానికే బంతి విసరి టచ్‌డౌను సాధించిరి, 41-33తో గెలిచిరి. గెలిచిరి గనుక మనమిట్లు మెచ్చుకొనుచున్నాము. ఓడియుండినచో ఆ శిక్షకుని గతి యేమై యుండెడిదో చెప్పుట కష్టము గాదు.

మన లీగు నియమములును చాలకాలము ఈ వెఱపునకే యెరువు వేసినవి. 2024 వఱకు గెలిచినవారికి అయిదు పాయింట్లు, సమముగ ముగించినవారికి మూడు. ఏడు లేక అంతకు తక్కువ తేడాతో ఓడినవారికి గూడ ఒకటి. కొద్దిగా ఓడుటకు బహుమాన మిచ్చినచో కొద్దిగా ఓడ నేర్చుకొనువారును పుట్టుదురు. 2025లో ఈ పద్ధతిని మార్చి, గెలుపునకు రెండు, ఓటమికి సున్న యనిరి. మంచి మార్పని మా యభిప్రాయము.

జట్టును నిజముగ కట్టవచ్చునా యని యడుగువారికి ఢిల్లీ జట్టును చూపెదము. దబంగ్ ఢిల్లీ మొదటి అయిదు పోటీలలో ఒక్కమాఱైనను ప్లేఆఫ్‌కు రాలేదు. 2018లో నవీన్ కుమార్ అను పదునెనిమిదేండ్ల బాలుని తెచ్చి, వానిని బల్లపై దాచక కూతకు పంపిరి. వాడు పట్టువడినను పంపిరి. ఆ యేడు ప్లేఆఫ్, మఱుసటి యేడు ఫైనలు, 2021-22లో 37-36తో పాట్నాను ఓడించి కప్పు. జోగిందర్ నర్వాల్ వంటి పాతకాపులు ప్రక్క నుండిరి, నిజమే. కాని గీత దాటి లోపలికి పోయినది కుఱ్ఱవాడు. అప్పటి వారి శిక్షకుడు కృష్ణకుమార్ హుడా. ఆయనయే 2024లో మన టైటాన్స్‌కు వచ్చెను. ఆ యేడు మన జట్టు పండ్రెండు ఆటలు గెలిచి ఏడవదైనది. ప్లేఆఫ్‌కు ఆఱే జట్లు గనుక గుమ్మము కడనే నిలిచిపోయినది. 2025లో పవన్ లేడు. విజయ్ మలిక్ నాయకుడు; ఆయనయు భరత్‌ను కూతల భారమును పంచుకొనిరి. ఒకడు బయట కూర్చున్నను మఱియొకడు వానిని లోపలికి దెచ్చెడివాడు. ఆ జట్టు రెండవ క్వాలిఫయరు దాక పోయి పుణేరి పల్టన్ చేతిలో ఓడినది. ఆ రాత్రి బల్లలు నిండియే యుండెను. ఓడినపిమ్మటను ఎవరును తిట్టలేదు. మఱియొక చాయ్ చెప్పిరి.

ఇంతవఱకు శిక్షకులను, లీగును విమర్శించితిమి. మా వంతును చెప్పుకొనకున్న న్యాయము గాదు.

రెండేండ్ల క్రిందట సంక్రాంతి సెలవులలో చుట్టుప్రక్కల గ్రామముల జట్లకు పోటీ జరిగెను. మా పిల్లలు రెండు పాయింట్లు వెనుకబడి యుండిరి. మూడు నిమిషములు మిగిలినవి. తొమ్మిదవ తరగతి బాలుడొకడు కూతకు పోవుచుండగా, జట్టును నడపుచున్న పెద్ద "గీత ముట్టి వచ్చెయ్" అని కేక వేసెను. అది మొదటి కూతయే గనుక ముట్టి వచ్చినను చెల్లియుండెడిది. కాని యెడమ మూలవాని కాలు ముందుకు వచ్చియుండుట బాలుని కంటబడినది. వాడు వంగి చేయి చాపెను. వ్రేళ్లు తగిలెనో లేదో, మడమ చిక్కెను. నలుగురు మీద బడిరి. మూడు పాయింట్లతో ఓడితిమి. వాడు చెప్పిన మాట వినలేదని, పెద్దల లెక్కను పాడుచేసెనని అందఱును వానిని తిట్టిరి. ఆ తిట్టినవారిలో మేమును ఉంటిమి. ముట్టి వచ్చియుండినచో మూడింటికి బదులు రెండింటితో ఓడియుందుమేమో యను నాలోచన ఆనాడు మాకు రాలేదు. అదే యాటలో ఆఱుమాఱులు వట్టి కూత వేసి క్షేమముగ తిరిగి వచ్చిన పెద్ద కుఱ్ఱవానిని మాత్రము ఎవరును ఒక్కమాట యనలేదు; అట్టివాడొక డున్నాడని గూడ ఎవరికిని జ్ఞాపకము లేదు.

మఱుసటి యేడు జట్టు నెన్నుకొనునాడు ఆ బాలుడు రాలేదు. ఇప్పుడు ఇంటరు చదువుచున్నాడు. మొన్న యాదివారము మైదానమునకు వచ్చి, చిన్నవాండ్రు ఆడుచుండగా గీత వెలుపల నిలిచి చూచుచుండెను. ఒకడు తక్కువైనాడు, ఆడెదవా యని యడిగితిమి. చొక్కా విప్పుచు, "కూతకు నేను పోను సార్, మూలకు నిలవడ్త" అనెను.

నిలువబడెను. బాగుగనే యాడెను, ఇద్దఱిని పట్టెను. ప్రొద్దు గూకువఱకు ఒక్కమాఱైనను నడిమి గీత దాటలేదు.