ఫిజిక్స్ రాదన్నోళ్లకు మా జవాబు

“ఫిజిక్స్ మీ పిల్లలకు రాదయ్యా, సీఈసీలోనో హెచ్ఈసీలోనో చేర్పించుకోండి.” పదో తరగతి పాసైన బిడ్డను వెంటబెట్టుకొని కాలేజీ మెట్లెక్కిన మన వాడల తల్లిదండ్రులు ఎందరో విన్న మాట ఇది. సలహా లెక్క వినిపిస్తది. కానీ ఇది సలహా కాదు, తీర్పు. ఈ తీర్పును మేం ఒప్పుకోం.

ఫిజిక్స్ రాకపోవడమంటే ఏంది? బరువంటే ఏందో, తోపు అంటే ఏందో మనకు తెల్వదా? లారీకి బస్తాలెక్కించే హమాలీ అన్ననడగండి. పలక పొడుగు పెరిగితే తోపు తేలికైతదని చెప్తడు. పుస్తకం ఇదే మాటను ఇట్లా రాస్తది: 50 కిలోల బస్తా బరువు 490 న్యూటన్లు. పలక 30 డిగ్రీల వాలులో ఉంటే 490ని సైన్ 30తో, అంటే సగంతో గుణించాలి. 245 న్యూటన్లు. రాపిడిని పక్కన పెడితే ఆపాటి తోపు చాలు. మరి ఈ ‘సైన్’ ఏం బ్రహ్మవిద్య? ఎక్కాల్సిన ఎత్తును పలక పొడుగుతో భాగిస్తే వచ్చేదే సైన్. మీటరు ఎత్తుకు రెండు మీటర్ల పలక వేస్తే సగం. ఫిజిక్స్ మన చేతుల్లోనే ఉంది. దాన్ని కాగితం మీద పెట్టే లెక్కనే మనకు అందనియ్యలేదు.

ఇంకో లెక్క చూడండి. 15 మీటర్ల ఎత్తున్న నీళ్ల ట్యాంకు మీది నుంచి సెకనుకు 10 మీటర్ల వేగంతో రాయిని నిట్టనిలువుగా పైకి విసిరారు. ఎన్ని సెకన్లకు నేల తాకుద్ది? గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుంటే వర్గ సమీకరణం వస్తది. దాన్ని విప్పితే రెండు జవాబులు: 3, మైనస్ 1. రాయి విసరకముందు కాలం మనకక్కర లేదు, కాబట్టి 3 సెకన్లు. ఇక్కడ ఆగిపోయిన పిల్ల ఫిజిక్స్‌లో ఆగిపోలేదు. ప్లస్ మైనస్ గుర్తుల దగ్గర, వర్గ సమీకరణం దగ్గర ఆగింది. అది హైస్కూలు లెక్క. లెక్కల సారు లేని బడిలో చదివిన పిల్లదా తప్పు? సారును వెయ్యని సర్కారుదా?

పాఠాల వరసలో కూడా ఒక మతలబుంది. ఇంటర్ మొదటి ఏడు ఫిజిక్స్‌లో చలనం పాఠం మొదట్లోనే వస్తది. అందులో వేగాన్ని అవకలనంతో చెప్తరు. లెక్కల పుస్తకంలో ఆ అవకలనం చివరి పాఠాల్లో ఉంటది! డబ్బున్నోళ్ల పిల్లలకు కోచింగుల్లో ముందే బేసిక్ మ్యాథ్స్ అని చెప్పి ఈ గండం దాటిస్తరు. మన పిల్లలు గండంలో పడి, మాకు తెలివి లేదేమో అనుకుంటరు.

ఎంసెట్ పేరు మారింది, ఈఏపీసెట్ అయింది. ఇంజనీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఫిజిక్స్ ప్రశ్నల్లోనూ ఎక్కువ భాగం లెక్క కడితే గాని తేలవు. అంటే లెక్కలు చెప్పకపోవడమంటే సగం పేపరు గుంజుకొని, ఇంకో పావు పేపరు కాళ్లిరగ్గొట్టడమే. ఆ తర్వాత మెరిట్ గురించి ఉపన్యాసాలు! ఏకలవ్యుని వేలు కోసి, విల్లు పట్టడం రాదని వెక్కిరించినట్టే.

మేఘనాథ్ సాహా సంగతి గుర్తు చేసుకుందాం. 1893లో ఢాకా దగ్గరి పల్లెలో, కింది కులమని చూసిన కులంలో పుట్టిండు. కలకత్తా హాస్టల్లో పైకులాల విద్యార్థులు ఆయన్ను పంక్తిలో కూర్చోనియ్యలేదు. ఆయన ఎమ్మెస్సీ చేసింది గణితంలో. ఆ గణితం పట్టుకునే 1920లో అయనీకరణ సమీకరణం ఇచ్చి, నక్షత్రాల వెలుగును చదివే దారి లోకానికి చూపిండు. పంక్తిలో చోటియ్యనోళ్లు సమీకరణాన్ని మాత్రం మైల అనలేకపోయిండ్రు!

ఫార్ములాలు బట్టీ పట్టిస్తే చాలనే పెద్దమనుషులున్నరు. అర్థం చెప్పకుండా మంత్రం చదివించే పాత పంతులు పనే అది. మాకు మంత్రాలొద్దు, అర్థం కావాలె.

కాబట్టి కార్యకర్తలకు మా మాట. పదో తరగతి పరీక్షలయినంక ఏప్రిల్, మే నెలలు చేతిలో ఉంటయి. వాడవాడలో రాత్రిబడి పెట్టండి. వరసగా ఇవి చెప్పించండి: భిన్నాలు, నిష్పత్తి, ఘాతాంకాలు, గుర్తులు మార్చి సమీకరణం విప్పడం, వర్గ సమీకరణం, సైన్ కాస్ టాన్, గ్రాఫు వాలు, సదిశలను రెండు ముక్కలుగా విడదీయడం, చివరికి అవకలనం పరిచయం. ప్రతి లెక్కకూ ముందు బొమ్మ గీయించండి, యూనిట్లు రాయించండి. బీఎస్సీ చదివిన మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పనికి కదలాలె.

సర్కారును అడిగేది రెండే. ప్రతి సాంఘిక సంక్షేమ హాస్టల్‌కూ లెక్కల ట్యూటర్ కావాలె. ఇంటర్‌లో ఫిజిక్స్ మొదలుపెట్టే ముందు దానికి కావాల్సిన లెక్కలు క్లాసులోనే చెప్పాలె.

దయతో వేసే మార్కులు మాకొద్దు. లెక్క చెప్పండి, మార్కులు మా పిల్లలే తెచ్చుకుంటరు.