సీలు తెగితే బండిని ముట్టుకోరా?

లారీ కంపెనీ సర్వీసు విభాగాధిపతి గారికి,

పోయిన వారం మీరు డీలర్లకు పంపిన సర్క్యులర్ విజయవాడ ఆటోనగర్ దాకా వచ్చింది. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె (ఈసీఎం) మూతకున్న సీలు తెగి ఉంటే ఆ లారీకి ఇకమీద స్కానర్ తగిలించరట. వారంటీ ఇవ్వబోమంటే అర్థం చేసుకుంటాం. వారంటీ ఎప్పుడో అయిపోయిన బండికి, డబ్బు కడతామన్నా, ఫాల్ట్ కోడ్ కూడా చదవరా?

ఆ పెట్టె ఎందుకు పోతుందో మీకు తెలియదా? ఇంజన్‌కే బిగించారు. పగలంతా వేడి, అదురు. ఏళ్లు గడిచేసరికి పెద్ద కెపాసిటర్ల కాళ్ల దగ్గర టంకం చిట్లుతుంది. కనెక్టర్‌లోకి నీళ్లు దిగితే పిన్నులు పచ్చబడి, బోర్డు మీది రాగి గీతలను చిలుము తినేస్తుంది. బాడీ కట్టేవాళ్లు బ్యాటరీ వైరు తీయకుండా ఛాసిస్ మీద వెల్డింగ్ పెడితే ఇంజెక్టర్లను నడిపే ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు. అలా చేయొద్దని మీ మాన్యువల్‌లోనే ఉంది. ఆ పేజీ ఏ బాడీ షాపువాడికైనా చూపించారా?

అలా పోయిన పెట్టెకు నేను మా ఇంటి వరండాలో చేసేది ఇదీ: జిగురు కోసి మూత లేపుతాను, బోర్డును కింది నుంచి మెల్లగా వేడి చేస్తాను. సీసం లేని టంకం 217 డిగ్రీల దగ్గర గాని కరగదు. తొందరపడి ఐరన్ నొక్కితే ప్యాడే లేచి వస్తుంది. పోయిన ముక్క మారుస్తాను, తెగిన గీత మీద సన్న తీగతో జంపర్ వేస్తాను, కడిగి, ఆరబెట్టి, పూత పూసి మూస్తాను. ఇది మీ లెక్కలో అనధికార మార్పు. కొత్త మాడ్యూల్ కొనుక్కోవడం ఒక్కటే అధికారికం. అది వచ్చేదాకా లారీ షెడ్డులో ఉంటే ఫైనాన్సువాళ్లు కిస్తీ ఆపుతారా? వచ్చాక బండి నంబరుతో కలపడానికీ మీ దగ్గరికే రావాలి కదా?

పొగను శుభ్రం చేసే యాడ్‌బ్లూ పోయకుండా బండి నడిచేలా బోర్డు మార్చేవాళ్లు ఉన్నారు, కాదనను. అలాంటి బేరాలు నా దగ్గరికీ వస్తాయి, పంపించేస్తాను. ఆ గాలి పీల్చేది మా పిల్లలే. కానీ ఆ దొంగపని బయటపడాలంటే స్కానర్ తగిలించి చూడాలి. తగిలించవద్దనే కదా మీ సర్క్యులర్! మరి ఎవరిని పట్టుకుందామని?

విడిభాగాలూ స్కానర్లూ బయటి మెకానిక్కులకు దొరకనివ్వలేదని 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా వేసింది. 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ పెట్టింది. మీకివి కొత్త కాదు. ఈసీఎం పిన్నుల పటం ఇవ్వమని మేం అడుగుతున్నదీ ఇవాళ్టి నుంచి కాదు. జవాబు రాలేదు, సర్క్యులర్ మాత్రం వచ్చింది.

దాన్ని ఇంకోసారి చూడండి. టంకం పని చేసిన ఇంజనీరు ఎవరైనా ఉంటే, ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
ఆటోనగర్, విజయవాడ